సంక్రాంతి సెలవుల్లో మలక్‌పేట గుర్రప్పందేలకు నాన్నగారితో వెళ్లవచ్చా?

మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. ఇక్కడ మాకు తెలిసిన గుర్రాలు ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని ఇసుకలో నెమ్మదిగా తిరిగేవే. నాన్నగారికి డెబ్బై నాలుగేళ్లు. జీవితంలో ఒక్కసారైనా నిజమైన పందెం చూడాలని ఆయన కోరిక. పందెం కాయడానికి కాదు (అమ్మకు ఈ మాట ఇప్పటికే నాలుగుసార్లు చెప్పాను). సుప్రీంకోర్టు 1996లో గుర్రప్పందేలు నైపుణ్యంతో కూడిన ఆట అని చెప్పిందన్నా, ఆవిడ దృష్టిలో జూదం జూదమే.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ చేరి, మధ్యాహ్నం మలక్‌పేటకు మెట్రోలో వెళ్లాలనుకుంటున్నాం. అక్కడ శీతాకాలపు పందేలు జరిగే రోజులివే కదా. పండుగ వారంలో ఏ రోజు ఉంటాయో ముందుగా ఎక్కడ తెలుస్తుంది? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కకుండా, నీడలో కూర్చుని ముగింపు గీత చూడగలిగే చోటు ఉందా? పందేనికి ముందు గుర్రాలను నడిపించే చోట సామాన్య టికెట్టుతో నిలబడనిస్తారా? ఆయనకు పరుగు కన్నా అదే ముఖ్యం, గుర్రాన్ని దగ్గరగా చూడాలట. పంచె కట్టుకుని వస్తానంటున్నారు, అభ్యంతరం చెప్తారా? పదేళ్ల మా అబ్బాయిని లోపలికి రానిస్తారా? ఈమధ్య వెళ్లినవారు దయచేసి చెప్పండి, టికెట్లు తీసుకోవాలి.