బాకీల చర్చలో కొత్త అధ్యక్షురాలి మాట నిలబడాలంటే పాత లీడర్ ఏం చేయాలి?

మా గ్రామ సంఘంలో (ఊళ్లోని డ్వాక్రా మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన సమాఖ్య) పుస్తకాలు రాసేది నేను. ఈసారి అధ్యక్షురాలు, కోశాధికారి ఇద్దరూ ముప్పై లోపు వాళ్లే. హాజరు, పొదుపు జమ, తీర్మానం రాయించడం, బ్యాంకు పనులు, అన్నీ చక్కగా చూసుకుంటున్నారు.

చిక్కు ఒక్కచోటే. అప్పు వాయిదాలు మూడు కట్టని పొదుపు సంఘం పేరు చదవగానే అందరూ పాత అధ్యక్షురాలి వైపు తిరుగుతారు. ఆవిడ మంచికే "వచ్చే నెల కడతార్లే" అనేస్తారు. గడువు ఆవిడ ఇస్తారు, వసూలుకు ఇల్లిల్లూ తిరగాల్సింది మాత్రం కొత్త అధ్యక్షురాలైన ఈ అమ్మాయి. తను ఇవ్వని గడువు గురించి ఎవరిని గట్టిగా అడగగలదు?

ఎజెండా, బాకీల జాబితా ముందురోజే అమ్మాయి చేతికిచ్చాం. చదవడం వరకు బాగానే సాగింది. పెద్దావిడను ఒక సమావేశానికి రావద్దంటే బాకీ ఉన్న సంఘాల లీడర్లూ రాలేదు, కోరం (కనీస హాజరు) లేక తీర్మానం ఆగింది. శిక్షణకూ పంపాం. పంచసూత్రాలు (సంఘం నడపడానికి ఐదు నియమాలు), లెక్కలు బాగా నేర్పారు గానీ, వయసులో పెద్దామె ఎదురుతిరిగితే ఏమనాలో అక్కడ ఎవరూ చెప్పలేదు.

పెద్దావిడ అనుభవం మాకు కావాలి, ఆవిడను దూరం పెట్టే ఉద్దేశం లేదు. పదిమందిలో "అధ్యక్షురాలిని అడగండి" అని ఆవిడ నోటితోనే రావాలని నా ఆశ.

పాత లీడర్ సమావేశంలో ఉండగానే, బాకీ గడువు కొత్త లీడరే నిర్ణయించేలా మీ సంఘంలో ఏ పద్ధతి పెట్టుకున్నారు?