స్వర్ణముఖి ఇసుకలో మా రేసింగ్ బగ్గీ: డిజైన్‌లో ఏం మార్చాలి?

అలిపిరి బగ్గీ (తిరుపతి) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. వెనుక చక్రాలతో నడిచే 1:10 పరిమాణపు రిమోట్ బగ్గీ ఒకదాన్ని మిత్రులతో కలిసి తయారు చేశాను. మోటారు 3300 కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు) బ్రష్‌లెస్, బ్యాటరీ రెండు సెల్లుల లిపో (లిథియం పాలిమర్), పినియన్‌కు (మోటారు ఇరుసు మీది చిన్న గేరు) 23 పళ్లు, అది తిప్పే పెద్ద స్పర్ గేరుకు 81 పళ్లు. ఛాసిస్ (బండి అడుగు చట్రం), ముందు ఆర్మ్‌లు (చక్రాలను ఛాసిస్‌కు కలిపే చేతులు) పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో మేమే త్రీడీ ప్రింటర్‌లో చేసుకున్నాం. ఆదివారాల్లో తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఎండిన ఇసుకలోనూ, చంద్రగిరి వైపు ఎర్రమట్టి నేలలోనూ నడుపుతున్నాం.

ఇసుకలో ఐదు నిమిషాలు తిరిగేసరికి మోటారు చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. గాలి ఆడుతుందని బాడీకి పెద్ద రంధ్రాలు కోసినా తేడా కనిపించలేదు. దిబ్బ ఎక్కి ఎగిరినప్పుడల్లా వెనుక భాగం పైకి లేచి బండి ముక్కు మీద పడుతోంది. అలా పడినప్పుడల్లా ముందు ఆర్మ్ విరుగుతోంది. ఈ నెలలోనే నాలుగు పోయాయి. అల్యూమినియం ఆర్మ్‌లు వేస్తే సరిపోతుందని మావాళ్లు అంటున్నారు. మీరేమంటారు?

నీవా ఒడ్డు (చిత్తూరు) సమాధానం:

అల్యూమినియం మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు చెప్పినవి మూడు వేర్వేరు లోపాల్లా కనిపిస్తున్నా, రెండోది సరిచేస్తే మూడోది చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

ముందు వేడి సంగతి. ఇసుకలో చక్రం తిప్పడానికి ఎక్కువ టార్క్ (తిప్పే బలం) కావాలి, టార్క్ పెరిగితే కరెంటు పెరుగుతుంది, తీగచుట్టలో పుట్టే వేడి ఆ కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పినియన్‌ను 23 పళ్ల నుంచి 20కి తగ్గిస్తే అదే బరువు లాగడానికి మోటారుకు సుమారు 13 శాతం తక్కువ కరెంటు సరిపోతుంది, తీగచుట్ట వేడి దాదాపు పావు వంతు తగ్గుతుంది. గరిష్ఠ వేగం కొంత పోతుంది గాని, ఇసుకలో ఆ వేగాన్ని మీరు ఎలాగూ అందుకోవడం లేదు. పినియన్ కొనేటప్పుడు 48 పిచ్, 0.5 మాడ్యూల్ (గేరు పంటి పరిమాణాన్ని చెప్పే రెండు వేర్వేరు కొలతలు) రెండూ ఒకటే అనుకోకండి; చూడ్డానికి ఒకేలా ఉన్నా పళ్లు సరిగా కలవవు, రెండు వారాల్లో స్పర్ గేరు అరిగిపోతుంది.

బాడీకి కోసిన రంధ్రాలు మూసేయండి. ఒక అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆ ఏటి ఇసుకలో ఒకసారి ఈడ్చి చూడండి, నల్లటి రేణువులు మీసాల్లా అంటుకుంటే మీ మోటారులోకీ అవే వెళుతున్నాయని అర్థం. బాడీకి, ఛాసిస్‌కు మధ్య ఉన్న సందును పలుచని ప్లాస్టిక్ షీటుతో కప్పి, గాలి వచ్చే ఒక్క చోట దోమతెర గుడ్డ రెండు మడతలు వేసి అంటించండి. చక్రాల బేరింగులు ఇనుప మూతలవి అయితే రబ్బరు సీలు ఉన్నవాటికి మారండి.

ఇక ఎగిరినప్పటి సంగతి. దిబ్బ అంచున వెనుక స్ప్రింగులు పూర్తిగా నొక్కుకుని, ఆ వెంటనే విడిపోయి తోకను పైకి తన్నుతున్నాయి. షాకుల్లోని (స్ప్రింగు కుదుపును అదుపు చేసే గొట్టాలు) సిలికాన్ ఆయిల్ దాన్ని ఆపలేకపోతోంది. వేసవిలో ఆయిల్ ఇంకా పలుచబడుతుంది కాబట్టి, ఇంట్లో ఫ్యాను కింద సరిగ్గా కుదిరిన షాకు మధ్యాహ్నం రెండు గంటలకు ఇసుకలో వదులైపోతుంది. వెనుక ఇప్పుడు 350 సీఎస్‌టీ (చిక్కదనం కొలత) ఆయిల్ ఉంటే 450 వేసి చూడండి. షాకు లోపల ఆయిల్ దాటే పిస్టన్ రంధ్రాలను మాత్రం చిన్నవి చేయకండి, ఎత్తు నుంచి పడినప్పుడు షాకు బిగుసుకుపోయి దెబ్బంతా ఛాసిస్‌కు చేరుతుంది. ఇంకొక మాట, గాలిలో ఉండగా థ్రాటిల్ వదిలేస్తున్నారేమో గమనించుకోండి. బ్రేకు కొడితే ముక్కు దిగుతుంది, కొంచెం థ్రాటిల్ ఇస్తే లేస్తుంది. మా బృందంలో సగం మంది దీన్ని డిజైన్ లోపమనే అనుకున్నారు.

గేరుపళ్లు (రేణిగుంట) సమాధానం:

పై మాటలతో నేను ఏకీభవిస్తాను గాని, ఆర్మ్‌ల విషయం అంత తేలికగా వదిలేయదగింది కాదు. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు డిక్కీలో బగ్గీని పెడితే ఆర్మ్ వంగిపోవడానికి రేసు కూడా అక్కర్లేదు. నైలాన్‌తో చేసుకోండి. పొరలు ఆర్మ్ పొడవునా సాగేలా పడుకోబెట్టి ముద్రించి, తరువాత కాసేపు వేడి నీళ్లలో ఉడికించండి. నైలాన్ తేమ పీల్చుకుంటే పెళుసుదనం పోయి సాగుతుంది. అల్యూమినియం ఆర్మ్ వేస్తే అది విరగదు నిజమే, కానీ ఆ దెబ్బ దాని వెనుక ఉన్న బల్క్‌హెడ్ (ఆర్మ్‌లు బిగించే దిమ్మ) మీద పడుతుంది. మీ ఛాసిస్ కూడా ముద్రించిందే కాబట్టి, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

నేనైతే ముందు కిక్-అప్ కోణం, అంటే ముందు ఆర్మ్‌ల వాలు చూస్తాను. ఇలాంటి బగ్గీలకు ముందు ఆర్మ్‌ల పివట్ (ఆర్మ్ కదిలే ఇరుసు) సాధారణంగా 25 నుంచి 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, అందువల్ల రాయి తగిలినప్పుడు చక్రం పైకీ వెనక్కీ జారి దెబ్బను మింగుతుంది. మీది ఎంత?

అలిపిరి బగ్గీ (తిరుపతి):

ఇద్దరికీ కృతజ్ఞతలు. కొలిచి చూస్తే 10 డిగ్రీలే ఉంది, సులువుగా ముద్రించవచ్చని మేమే అలా గీసుకున్నాం. 20 పళ్ల పినియన్, దోమతెర వేసి నిన్న సాయంత్రం నడిపాను. పన్నెండు నిమిషాల తరువాత కూడా మోటారు మీద వేలు నిలిచింది. అయస్కాంతానికి నల్ల రేణువులు మీసాల్లాగే వచ్చాయి. కొత్త ఆయిల్‌తో తోక లేవడం తగ్గింది గాని పూర్తిగా పోలేదు. మోటారు మధ్యలో ఉంది, దాన్ని వెనక్కి మార్చాలా?

నీవా ఒడ్డు (చిత్తూరు):

కృత్రిమ పచ్చిక, కార్పెట్ లాంటి పట్టున్న ట్రాకులపై మధ్య మోటారు బాగా పనిచేస్తుంది. వదులు ఇసుకలో వెనుక చక్రాలకు బరువు కావాలి కాబట్టి వెనుక మోటారుదే పైచేయి. అయినా గేరుపెట్టె మొత్తం తిరగేసే ముందు, బ్యాటరీని రెండు సెంటీమీటర్లు వెనక్కి జరిపి ఒక ఆదివారం నడపండి. కిక్-అప్ 25 డిగ్రీలు పెట్టి కొత్త ముందు భాగం ముద్రించేటప్పుడు, బ్యాటరీ పట్టీకి మూడు చోట్ల రంధ్రాలు ఉంచుకుంటే ఇసుకకు ఒక చోట, ఎర్రమట్టికి ఒక చోట బిగించుకోవచ్చు.