అమెరికా అంతర్యుద్ధం: జనరల్స్ ముచ్చట కాదు, మామూలు జనం బతుకు చెప్పే పుస్తకాలేవి?

నల్లగొండ_చదువరి:
లింకన్, గ్రాంట్, లీ గురించి కావల్సినన్ని ఉన్నయి. 1861–65ల బానిసలు, సిపాయిలు, ఇంటికాడి ఆడోళ్లు ఏం తిన్నరు, ఎట్ల ఎల్లదీసిన్రు అన్నది కావాలె. మా చదువరుల గుంపు కోసం. ఇంగ్లిష్ అంతంతమాత్రంగనే వస్తది, చదివేది ఫోన్లనే, పైసలు పెట్టలేం. దేంతోని షురూ చెయ్యాలె?

దేవరకొండ_అల్మారా:
హ్యారియెట్ జేకబ్స్ 'ఇన్సిడెంట్స్ ఇన్ ద లైఫ్ ఆఫ్ ఎ స్లేవ్ గర్ల్' పట్టున్రి. 1861ల అచ్చయింది. యుద్ధానికి ముందటి కథే గని, కొట్లాట దేనికో అది చదివితేనే తెలుస్తది. యజమానికి దొరక్కుండ అమ్మమ్మ ఇంటి అటుకల దగ్గర దగ్గర ఏడేండ్లు దాక్కున్నది. పొడుగు 9 అడుగులు, వెడల్పు 7, ఎక్కువ ఎత్తున్న కాడ 3. బరమాతోని వరుసగ బొక్కలు పొడిచి, నడుమ చెక్క తీసేసి అంగుళం కంత చేసుకున్నది. అందులకెళ్లే పిల్లల్ని చూసుకునేది. పేరు మార్చి రాసింది కాబట్టి చానా ఏండ్లు నవలే అనుకున్నరు. 1980లల్ల జీన్ ఫేగన్ యెలిన్ పాత ఉత్తరాలు ఎతికి నిజమని తేల్చింది. ఆమె నోట్స్ ఉన్న ప్రతి దొరికితే మంచిది, లేకుంటే పాత పుస్తకాలు ఉచితంగ పెట్టే గుటెన్‌బర్గ్ సైట్ల ఉత్తగనే ఉంది.

పాలమూరు_పేజీలు:
సిపాయిలకు జాన్ బిల్లింగ్స్ 'హార్డ్‌టాక్ అండ్ కాఫీ', 1887. లింకన్ దిక్కు, అంటే ఉత్తరాది ఫిరంగి దళంల చేసినాయన. యుద్ధాలు తక్కువ, డేరాలు, పేన్లు, శిక్షలు, రేషన్ ఎక్కువ. హార్డ్‌టాక్ అంటే గట్టి బిస్కట్, దాని కొలత సుత ఇచ్చిండు: అర అంగుళం మందం, మనిషికి తొమ్మిదో పదో. పురుగు పట్టినవి వేడి కాఫీల వేస్తే పురుగులు పైకి తేల్తయి, తీసేసి తాగుడే. దక్షిణాది దిక్కు సిపాయి సామ్ వాట్కిన్స్ 'కో. ఎయిచ్' (కంపెనీ హెచ్, ఆయన దళం పేరు). ఇరవై ఏండ్ల తర్వాత యాదికి తెచ్చుకొని రాసిండు, తేదీలు నమ్మకున్రి.

మేరీ చెస్నట్ డైరీ మాత్రం ముందుగాల వద్దు. అందరు చెప్పేదే, గని అది గడీ దొరసాని డైరీ. పైగా 1880లల్ల ఆమెనే తిరగరాసింది. ఉచితంగ దొరికే 1905 ప్రతిల చానా కోసేసిన్రు.

మిర్యాలగూడ_రీడర్:
బానిసలుగ బతికినోళ్ల మాటలే కావాలంటే 1936–38ల సర్కారు రాయించిన ఇంటర్వ్యూలున్నయి, 2,300 పైచిలుకు, రాష్ట్రాల వారీగ. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్ల ఉచితం. అవి స్కాన్లు, ఫోన్ల బరువు. గుటెన్‌బర్గ్‌ల టైపు చేసినవి తెరవున్రి. సంపుటం మొత్తం పెట్టుకోకున్రి, అర్కాన్సస్ ఒక్కటే ఏడు భాగాలు. వారానికి ఐదారుగురి ఇంటర్వ్యూలు చాలు.

ఒక్కొక్కరికి 1865ల వయసెంతనో ముందు లెక్కేయండి. ఎక్కువమంది అప్పుడు పిల్లలే. అడిగినోళ్లల్ల తెల్లోళ్లే ఎక్కువ, చెప్పేటోళ్లు పేద ముసలోళ్లు. పింఛన్ ఇప్పిస్తరేమో అని ఆశ. అందుకే 'మా దొర మంచోడే' అన్న మాట కనబడంగనే నమ్మద్దు, పక్క పేజీల కొరడా దెబ్బలుంటయి. స్పెల్లింగ్ యాసల ఉంటది, కండ్లతోని చదివితే ఆగిపోతరు, బయటికి చదవున్రి. మన దిక్కు 1986ల వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పక్కన పెట్టుకుంటే ఇంకా మంచిది: సాయుధ పోరాటంల ఉన్న ఆడోళ్ల మాటలను ఆడోళ్లే అడిగి రాసిన్రు.

నల్లగొండ_చదువరి:
మంచిగ చెప్పిన్రు. బీద తెల్ల ఆడోళ్ల సంగతి?

పాలమూరు_పేజీలు:
స్టెఫనీ మెకరీ 'కాన్ఫెడరేట్ రెకనింగ్', 2010. సిపాయిల పెండ్లాలు గవర్నర్లకు రాసిన అర్జీలు, 1863 ఏప్రిల్ 2న దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌ల రొట్టె కోసం దుకాణాల మీద పడుడు, అన్నీ ఉన్నయి. ఇది మాత్రం కొనాల్సిందే; గుంపుకు ఒక్కటి చాలు.