‘సీట్’ అంటే దివాణమా, గడియా?

ప్రశ్న: ఇంగ్లండ్ ప్రభువుల ఇళ్లను పైనుంచి చూసినట్టు చూపే బొమ్మల పుస్తకం, లండన్‌లో 1707లో అచ్చయిన ‘బ్రిటానియా ఇల్లస్ట్రేటా’లోని బ్యాడ్మింటన్ భవనం బొమ్మ కింద, ఇది బోఫర్ట్ డ్యూక్ గారి ‘సీట్’లలో ఒకటి అనే పంక్తి ఉన్నట్టు జ్ఞాపకం. బిరుదుల వరస గుర్తు లేదు గాని ఆ ఒక్క మాట నన్ను వదలడం లేదు. ‘నివాసం’ అని తెనిగిస్తే బొమ్మలో సగం అర్థం జారిపోతుందనిపిస్తోంది. పెద్దలు చెప్పగలరు.

—

అమ్మా, మీ సందేహం సబబైనదే. అదే ప్రభువుకు లండన్‌లో ఎంత పెద్ద మేడ ఉన్నా దాన్ని ‘సీట్’ అనరు. భూమినీ కౌంటీనీ (జిల్లాలాంటిది) అంటిపెట్టుకున్న ఇంటికే ఆ మాట. బొమ్మనే చూడండి: ఇంటి దగ్గర బయలుదేరిన చెట్ల బారులు పొలాలను చీల్చుకుంటూ కాగితం అంచుదాకా పోతాయి. చిత్రకారుడు చూపదలచింది గోడలను కాదు, ఆ ఇంటి ఏలుబడిని. కనుక ‘దివాణం’ అనడమే న్యాయం.

—

దివాణమంటే శిస్తులూ తగవులూ తేలే కచేరీ కూడా కదండీ. పైగా ‘సీట్లలో ఒకటి’ అన్నాడు. మన వాడుకలో జమీందారుకు దివాణం ఒక్కటే. మా తెలంగాణలో దొరకు ఊరూరా గడి ఉండవచ్చు కాబట్టి ఆ బహువచనానికి ‘గడి’ చక్కగా సరిపోతుంది.

—

గడికి బురుజులూ ఎత్తైన ప్రహరీ ఉండాలి. ఇక్కడ కనిపించేవి కత్తిరించిన పూలమడులూ తోట గోడలూ మాత్రమే. అయినా అసలు పట్టించుకోవలసింది అడుగున మూలలో ఉండే ‘డెలిన్’ (డెలినియావిట్, ‘గీశాడు’), ‘స్కల్ప్’ (‘చెక్కాడు’) అన్న లాటిన్ పొడి అక్షరాలను. లియొనార్డ్ నిఫ్ గీశాడు, యోహానెస్ కిప్ రాగిరేకు మీద చెక్కాడు, ఇద్దరూ డచ్చివారే. మనిషిని మోసే బెలూన్ 1783లో గాని లేవలేదు కనుక ఆ ఎత్తు నుంచి ఆ తోటను చూసినవారెవరూ లేరు. నేల మీద చూసినదాన్నీ కొలతలనూ మనసులో పైకెత్తి గీసిన దృశ్యమిది. బ్రిటిష్ భవనాల బొమ్మల పుస్తకమే అయిన ‘విట్రూవియస్ బ్రిటానికస్’ మూడో సంపుటంలోనైతే (1725) కాసిల్ హోవర్డ్ అనే భవనానికి వాస్తుశిల్పి వాన్‌బ్రూ ఊహించిన పడమటి భాగం కట్టేసినట్టే కనిపిస్తుంది. నిజానికి దాన్ని 1750లలో టామస్ రాబిన్సన్ వేరే తీరులో కట్టించాడు. ‘డెలినియావిట్’ అన్నంత మాత్రాన ‘ఉన్నది ఉన్నట్టు గీశాడు’ అని చదవకూడదు.

—

తోటల మాట వచ్చింది గనుక ఆంగ్లకవి అలెగ్జాండర్ పోప్‌ను తలచుకోకుండా ఉండలేను. బర్లింగ్టన్ ప్రభువుకు 1731లో రాసిన పద్యలేఖలో ఆయన టైమన్ అనే కల్పిత ధనికుడి తోటను ఎత్తిపొడిచింది ఈ జంట తోపులకే, ఒక పక్కకు రెండో పక్క అద్దం పట్టినట్టుండే ఈ అమరికకే. కాని ఆయన ద్విపదల్లో రెండు సగాలూ ఆ తోటలంత సమతూకంతోనే నడుస్తాయి. తాను వెక్కిరించిన అందమే ఆయన చెవిలో స్థిరపడిందని నా నమ్మకం.

—

లండన్ దగ్గర ట్వికెన్‌హామ్‌లో పోప్ ఉన్న ఇల్లు కౌలుది. కేథలిక్కు కావడంతో భూమి కొనుక్కునే హక్కు లేదు. ఇంగ్లండంతా ఎరిగిన ఆ ఇంటికి విల్లా అన్న పేరే నిలిచింది. భూమి మీద హక్కే ఈ మాటకు ప్రాణమనడానికి ఇంతకన్న రుజువేమి కావాలి? నేను దివాణం మీదే నిలబడతాను.

—

అదే పుస్తకంలో ప్రభువుల కన్న కింది అంతస్తు బిరుదుదారులైన చిన్న బారొనెట్ల ఇళ్లకూ ‘సీట్’ అనే ఉందండీ. వాటినీ దివాణాలంటారా?