కార్తీక వనభోజనాలు: వాదీ షాబా, వాదీ బనీ ఖాలిదా?

కార్యదర్శి: మస్కట్ తెలుగువాళ్లందరికీ నమస్కారం. ఈసారి కార్తీక వనభోజనాలకు ఒమాన్‌లోని ఏ వాదీకి (కొండల మధ్య వాగు లోయ) వెళ్దామని అడిగితే ఓట్లు వాదీ షాబ్‌కే ఎక్కువ పడ్డాయి, చూశాను. అయినా నేను వాదీ బనీ ఖాలిద్ అంటున్నా, తిట్టుకోకండి. వచ్చేవాళ్లలో సగం మంది చంటిపిల్లల తల్లులు, విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు. షాబ్‌లో అయితే తివీ ఊరి దగ్గర హైవే వంతెన కింద బండ్లు ఆపి పడవలో అవతలికి దాటాలి. ఆపైన బండరాళ్ల మీద ముప్పావుగంట నడక. చివర ఆ గుహలో జలపాతం చూడాలంటే ఈత వచ్చి ఉండాలి. పులిహోర గంగాళం ఎవరి నెత్తిన పెట్టమంటారు?

బనీ ఖాలిద్‌లో పార్కింగ్ నుంచి కాలువ వెంబడి, ఖర్జూరం తోటల పక్కగా కాస్త నడిస్తే చాలు, పచ్చటి మడుగు ఎదురొస్తుంది. మండు వేసవిలో కూడా నీళ్లుంటాయి. పోయినసారి మా అత్తగారు అంచున కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టగానే చిన్న చేపలు చుట్టూ చేరి మడమలు కొరకడం మొదలెట్టాయి. ముందు కెవ్వుమన్నారు, తర్వాత గంటసేపు లేవమన్నా లేవలేదు.

సీబ్ తమ్ముడు (బస్సులు): అన్నా, మస్కట్ నుంచి షాబ్ 140 కిలోమీటర్లు. ఇది 200 దాటుతుంది. రానూపోనూ ఐదారు గంటలు బస్సులోనే.

కార్యదర్శి: నిజమే తమ్ముడూ, కాదనను. అందుకే రువిలో ఉదయం 6కే బయల్దేరాలి. 6:00 అంటే 6:00, మన 6:00 కాదు. బిద్‌బిద్ మీదుగా వెళ్లి ఇబ్రాలో టీకి ఆగుదాం. చివర్లో కొండదారి మెలికలు తిరుగుతుంది కాబట్టి పెద్ద బస్సు వద్దు, రెండు కోస్టర్లు (చిన్న బస్సులు) మాట్లాడు. వాంతులయ్యే పిల్లల్ని ముందు సీట్లలో కూర్చోబెట్టు. జాతీయ దినోత్సవం సెలవుల్లో మాత్రం వద్దు, అడుగు పెట్టే చోటుండదు.

రువి వదిన (వంటలు): అక్కడ పొయ్యి వెలిగించే మాటే లేదు, అన్నీ ఇక్కడే వండి తెస్తాం. పులిహోర, గుత్తివంకాయ, బూరెలు, దద్దోజనం. దద్దోజనం అన్నంలో పాలు ఎక్కువ పోసి ఒక్క గరిటె పెరుగుతో తోడేస్తా, మధ్యాహ్నానికి పులవకుండా సరిగ్గా తోడుకుంటుంది. నాకు కూలర్ బాక్సులు నాలుగు కావాలి. గిన్నెలు అక్కడే కడుక్కోవచ్చా?

కార్యదర్శి: వద్దు వదినా, ఎంగిలివి సంచిలో వేసి ఇంటికే. ఆ కాలువను ఫలజ్ అంటారు. ఊరివాళ్ల తోటలకు వంతులవారీగా పారే నీళ్లవి, మన చెరువు కింద నీరటి వంతులు పెట్టినట్టే. ఒమాన్‌లో ఐదు ఫలజ్‌లను 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఇది ఆ ఐదింట్లో లేదు గానీ పద్ధతి అదే. అందులో మనం సబ్బు కలిపితే ఎలా ఉంటుంది చెప్పండి.

బట్టల సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తున్నా. అది ఊరు, హోటల్ స్విమ్మింగ్ పూల్ కాదు. నీళ్లలో దిగినా భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలే. మగపిల్లలు చొక్కాలు విప్పొద్దు. ఊళ్లో ఆడవాళ్లను అడక్కుండా ఫొటోలు తీయొద్దు.

అల్ ఖువైర్ అక్క (పిల్లలు): మడుగు మధ్యలో లోతెంత? మావాడు అసలే కోతి.

కార్యదర్శి: లోతే అక్కా. పిల్లలు అంచున లోతు తక్కువగా ఉన్నచోటే ఆడాలి. ఈత వచ్చిన ఇద్దరు పెద్దవాళ్లు ఫోన్లు పక్కన పెట్టి, వంతులేసుకుని కాపలా కాయాలి. అక్కడే ఉన్న ముఖల్ గుహ దాకా రాళ్లెక్కి వెళ్లాలనుకునే కుర్రాళ్లు భోజనానికి ముందే వెళ్లి రావాలి, అదీ గుంపుగా.

వానంటే ఒప్పుకోను. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎక్కడో కొండ మీద కురిస్తే నీళ్లు ఒక్కసారిగా మీదికొస్తాయి. 2024 ఏప్రిల్‌లో ఇదే షర్కియా ప్రాంతంలో, సమద్ అల్ షాన్ దగ్గర బడిపిల్లలు వరదలో కొట్టుకుపోయి చనిపోయారు. ముందురోజు వాతావరణ హెచ్చరిక వస్తే కార్యక్రమం రద్దు, ఎవరూ బతిమాలొద్దు. దారిలో వాదీ పొంగితే దాటొద్దని డ్రైవర్లకు గట్టిగా చెప్పు తమ్ముడూ. దాటితే జరిమానా, జైలు కూడా. పోలీసు నంబరు 9999 అందరూ ఫోన్లో పెట్టుకోండి.

ఘుబ్రా బాబాయ్ గారు: అంతా బాగుంది గానీ, ఉసిరి చెట్టు లేకుండా కార్తీక వనభోజనం ఏమిటయ్యా? ఖర్జూరం చెట్టు కింద కూర్చోబెడతారా?

రువి వదిన: మా బాల్కనీలో కుండీలో ఉంది బాబాయ్ గారూ, మోకాలెత్తు. దాని నీడలో ఒక బూరె పడుతుందేమో.

సీబ్ తమ్ముడు: రెండో కోస్టర్‌లో ముందు సీటు కుండీకి రాసేశాను. వాంతుల పిల్లల్ని మొదటి దాన్లోకి మార్చా.