అరచేతిలో తిప్పే అక్రోటు కాయలు: శుభ్రం చేసినవా, చేయనివా?

ప్రశ్న (పటమట, విజయవాడ):
చైనాలోని హెబెయ్ ప్రాంతం నుంచి వచ్చే దళసరి పెంకు అక్రోటు కాయల జతను, చేతిలో తిప్పుకోవడానికి కొనదలిచాను. 40 మిల్లీమీటర్ల జతలు రెండు చూశాను. ఒకటి శుభ్రం చేసినది. రెండవది గాడుల్లో తొక్క మురికితోనే ఉంది, ధర తక్కువ. మొదటిసారి కొనేవారికి ఏది మేలు?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
శుభ్రం చేసినదే తీసుకోండి. పచ్చితొక్క కుళ్ళి గాడుల్లో ఎండిపోయిన నల్లటి మురికి కింద సన్నని పగులు గానీ, తొక్క రసం పెంకులోకి ఇంకిన మచ్చ గానీ దాగి ఉంటే, అది కడిగిన తరువాతే బయటపడుతుంది; అప్పటికి సరుకు వాపసు ఇవ్వడం కష్టం. అయితే మరీ తెల్లగా ఉన్నవాటిని రసాయనంతో తెలుపు చేసి ఉండవచ్చు గనుక, సహజమైన లేత గోధుమ రంగునే నమ్మండి. చేతి చెమట, జిడ్డు పట్టి ఏళ్ళ మీద ఎర్రబడటమే వాటి అందం.

జవాబు (సత్యనారాయణపురం, విజయవాడ):
నేను సగమే ఏకీభవిస్తాను. మురికి జతను గట్టి బ్రష్షుతో, సూదిమొనతో నెల రోజులు ఓపికగా గీకి శుభ్రం చేసుకున్నాను. నాకు ఆ పనిలోనే ఎక్కువ ఆనందం దొరికింది. నీళ్ళలో నానబెట్టకుండా, తడి తుడిచి నీడలోనే ఆరబెట్టాలి. నేను తొందరపడి డాబా మీద ఎండలో ఉంచితే ఒక కాయ అతుకు వెంట విచ్చుకుంది. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, అక్రోటు ఎంత!

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. శుభ్రం చేసిన జతకే అడుగుభాగం ఫోటో, రెండు కాయల కొలతలు విడివిడిగా పంపమని అడిగాను.