రాతపని పూర్తి కాలేదని పిల్లల ఆటల విరామం ఆపేయడం సబబేనా?

ప్రశ్న (రెండో తరగతి బాబు తల్లి):

మా అబ్బాయి చదివే బడిలో అమలవుతున్న ఒక నియమం గురించి మీ సలహా కోరుతున్నాను. తరగతిలో ఇచ్చిన రాతపనిని గంట కొట్టేలోపు ముగించని పిల్లలు ఆటల విరామంలో బయటికి వెళ్లకూడదు, లోపలే కూర్చుని దాన్ని పూర్తి చేయాలి. ఎవరైనా అల్లరి చేస్తే ఆ రోజుకు తరగతి మొత్తానికి విరామం రద్దు చేస్తారు. మావాడు చక్కగా చదువుతాడు, లెక్కలంటే ఇష్టపడతాడు, కానీ చేతిరాత మాత్రం బాగా నెమ్మది. అందువల్ల వారంలో చాలా రోజులు ఆటస్థలం ముఖమే చూడడం లేదు.

వాడి నోటుపుస్తకం తిరగేస్తే మొదటి రెండు మూడు వరుసల్లో అక్షరాలు గీత మీద కుదురుగా ఉంటాయి. పేజీ సగానికి వచ్చేసరికి పెద్దవవుతూ, చివరి వరుసల్లో గీత దాటి కిందికి జారిపోతాయి. విరామంలో కూర్చోబెట్టి రాయించిన భాగమేదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. దాని పక్కనే ఎర్రసిరాతో "శుభ్రంగా రాయాలి" అని ఉంటుంది. అలసిపోయిన చేతిని ఇంకాస్త రాయమంటే శుభ్రత ఎలా వస్తుందో నాకు అర్థం కావడం లేదు.

క్లాసు టీచరు గారు నా మాట ఓపికగానే విన్నారు గాని, ఇది పాఠశాల నియమమనీ, ఒక్కరికి సడలిస్తే మిగతావారికి సమాధానం చెప్పుకోలేమనీ అన్నారు. చేర్పించేటప్పుడు నియమావళి మీద సంతకం చేశారు కదా అని ఆఫీసులో గుర్తు చేశారు. అందులో యూనిఫాం గురించీ సెలవు చీటీ గురించీ వివరంగా ఉంది. విరామం ఆపడం గురించి ఒక్క వాక్యమూ లేదు. పిల్లవాడు రోజూ అదే బడిలో, అదే టీచరు దగ్గర గడపాలి గనుక గొడవ పెట్టుకోవాలని లేదు. ఈ విషయాన్ని ఎవరి దగ్గరికి ఎలా తీసుకువెళ్లాలి?

జవాబు 1 (ఇద్దరు పిల్లల తండ్రి):

నా అభిప్రాయం కొంత వేరు. ఒక్కో తరగతిలో అంతమంది పిల్లలున్నప్పుడు, పని పూర్తి చేయకపోయినా ఏమీ కాదనే భావన కలిగితే ఎవరూ శ్రద్ధ పెట్టరు. విరామం కోల్పోవడం దెబ్బల కంటే ఎంతో నయం. అయితే ఒకరి అల్లరికి అందరినీ కూర్చోబెట్టడం అన్యాయమన్న మాట మాత్రం ఒప్పుకుంటాను.

జవాబు 2 (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయురాలు):

పై మిత్రులు చెప్పిన ఇబ్బంది నిజమైనదే, నేనూ రోజూ చూస్తున్నదే. కానీ దెబ్బల కంటే నయమన్నంత మాత్రాన ఈ శిక్ష సరైనదైపోదు. కావాలని పని ఎగ్గొట్టే పిల్లవాడినీ, ఎంత ప్రయత్నించినా చేయి సాగని పిల్లవాడినీ ఈ నియమం ఒకే గాటన కడుతుంది. మొదటివాడు రెండు రోజుల్లో దారికి రావచ్చు. రెండోవాడు మాత్రం ఏడాది పొడవునా లోపలే ఉండిపోతాడు, ఎందుకంటే వాడి చేతిలో లేని దానికి వాడిని శిక్షిస్తున్నాము. పైగా కుదురుగా కూర్చోలేని పిల్లలకే పరుగులు ఎక్కువ అవసరం. వారికే విరామం ఆపితే ఆ తరువాతి పీరియడ్‌లో పాఠం చెప్పడం మాకే కష్టమవుతుంది.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్యుల సంఘం 2013లో ఈ విషయమై ఒక విధాన ప్రకటన వెలువరించింది. విరామం పిల్లల సొంత సమయమనీ, దాన్ని శిక్షగా గాని చదువు కారణంగా గాని ఆపకూడదనీ అందులో స్పష్టంగా ఉంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలైనా ఒళ్లు కదిలే ఆటలూ వ్యాయామమూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలామంది చిన్నపిల్లలకు అందులో మంచి భాగం దొరికేది బడి ఆవరణలోనే.

అమ్మా, మీరు నియమాన్ని తప్పుపట్టడంతో కాకుండా బాబు రాత సంగతితో మాట మొదలుపెట్టండి. రాతపని తగ్గించి, అదే పాఠాన్ని నోటితో చెప్పించుకోవడానికి టీచరు గారు ఒప్పుకోవచ్చు. పెన్సిల్ పట్టులో, వేళ్ల కదలికలో ఇబ్బంది ఉందేమో ఆక్యుపేషనల్ థెరపిస్టుకు (రాయడం వంటి రోజువారీ పనుల్లో ఇబ్బందిపడేవారికి సాయపడే నిపుణులకు) ఒకసారి చూపించండి. నెమ్మదితనానికి అదే కారణమైతే ఎంత రాయించినా వేగం రాదు.

జవాబు 3 (పాఠశాల తల్లిదండ్రుల కమిటీలో పనిచేసిన తండ్రి):

బడిని మార్చేది నోటిమాట కాదు, కాగితమే. ప్రధానోపాధ్యాయుల పేర ఒక పేజీకి మించకుండా ఉత్తరం రాయండి. టీచరు గారి పేరు ఎత్తకుండా, ఈ నియమం ఎక్కడ రాసి ఉందో, ఎవరి ఆమోదంతో అమలవుతోందో చూపించమని మర్యాదగా అడగండి. మీరు చెప్పినట్టు నియమావళిలో అది లేకపోతే, ఆ సంతకం దీనికి వర్తించదు. విరామం ఆపిన తేదీలూ, ఆ రోజు చెప్పిన కారణమూ ఉత్తరానికి జతచేయండి.

1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం విశ్రాంతినీ ఆటనూ పిల్లల హక్కుగా గుర్తించింది. బడిలో క్రమశిక్షణ పిల్లల గౌరవానికి భంగం కలగని రీతిలో ఉండాలని 28వ అధికరణం చెబుతోంది. వీటిని బెదిరింపులా కాకుండా చివర్లో ఒక వాక్యంగా ప్రస్తావిస్తే చాలు. తరగతి మొత్తాన్ని శిక్షించే విషయంలో మరికొందరు తల్లిదండ్రులతో కలిసి సంతకాలు చేయండి. అది మీ బాబు ఒక్కడి సమస్య కాదు గనుక, అక్కడ సడలింపు అన్న ప్రశ్నే తలెత్తదు.

ప్రశ్న అడిగిన తల్లి:

అందరికీ కృతజ్ఞతలు. ముందుగా రాత సంగతి టీచరు గారితో మాట్లాడి, నియమం గురించి ఉత్తరం విడిగా ఇస్తాను. మరో ఇద్దరు తల్లులు సంతకం చేస్తామన్నారు. రాతపని మిగిలిపోతే ఇంటికి పంపమని కోరవచ్చా, లేక అది వాడి సాయంత్రాన్ని కూడా మింగేస్తుందా?

జవాబు 2 ఇచ్చిన ఉపాధ్యాయురాలు:

ఇంటికి పంపమని అడగకండి. ఎంత రాయాలన్నది కాకుండా ఎంతసేపు రాయాలన్నది ముందే నిర్ణయించమని అడగండి. ఆ సమయం అయ్యాక పేజీ ఎక్కడ ఆగితే అక్కడ టీచరు గారు సంతకం పెట్టి వాడిని బయటికి పంపవచ్చు.